అవునో కాదో చెప్పడం కూడా రాకపోతే ఎలా బావా?

ఇప్పుడే గ్రూప్ కాల్ కట్ చేశా. ఒళ్లు మండిపోతోంది.

మా బావ పజిల్ పెట్టాడు. పదో అంతస్తులో ఉండే ఒకాయన కిందికి లిఫ్టులోనే దిగుతాడు. పైకెళ్లేటప్పుడు మాత్రం ఏడో అంతస్తులో లిఫ్టు దిగి మెట్లెక్కుతాడు. వాన పడితే నేరుగా పదికే. ఎందుకు? అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలే అడగాలి.

"లిఫ్టు పాడైందా?" కాదు. "వ్యాయామం కోసమా?" కాదు. "ఆయన శరీరానికి సంబంధించిన కారణమా?" కాదు.

కాదన్నాడు! అందరూ విన్నారు. సరేనని ఆ దారి వదిలేసి అప్పులవాళ్లు, దొంగలు, ఏడో అంతస్తులో కుక్క... అరగంట కొట్టుకున్నాం. చివరికి తమరు సెలవిచ్చిందేంటంటే, ఆయన పొట్టి, పై బటన్ అందదు, వానరోజు గొడుగుతో నొక్కుతాడు. మరి పొట్టితనం శరీరానికి కాక దేనికి సంబంధించింది, లిఫ్టుకా? "నువ్వు జబ్బు గురించి అడుగుతున్నావనుకున్నా" అట. నేనడిగిందేంటి, నువ్వనుకున్నదేంటి మహాప్రభో?

ఈ ఆటలో ఉన్నదే ఆ ఒక్క మాట. సరిగ్గా సగానికి సగం కొట్టేస్తూ పోతే 20 ప్రశ్నల్లో 10,48,576 అవకాశాల్లోంచి ఒక్కదాన్ని పట్టుకోవచ్చు. మూడో ప్రశ్నకే తప్పు చెప్పాక ఇంక పట్టుకునేదేముంది, నా మొహం! అనుమానముంటే "ప్రశ్న ఇంకాస్త వివరంగా అడుగు" అనొచ్చు. "దానికీ దీనికీ సంబంధం లేదు" అనే మూడో జవాబూ ఉంది. అబ్బే, పరువు తక్కువ.

1967లో ఎడ్వర్డ్ డి బోనో అనే రచయిత, ఇలా తిన్నగా కాకుండా పక్కదారిలో ఆలోచించడానికి 'లేటరల్ థింకింగ్' అని పేరు పెట్టి పుణ్యం కట్టుకున్నాడు. అప్పట్నుంచీ దొరికిపోయిన ప్రతివాడూ "నువ్వు వేరేలా ఆలోచించాలి" అని మనకే క్లాసు పీకుతున్నాడు.

ఇంకో ఘనుడుంటాడు, ప్రతి గ్రూపులోనూ. జవాబు ముందే చదివేసి వస్తాడు. రెండు దొంగ ప్రశ్నలడిగి, గడ్డం గోక్కుని, "ఆగండాగండి... గొడుగుందా?" అంటాడు. చప్పట్లు ఆయనకి.

అయినా బావ దగ్గర ఇది కొత్తేం కాదు. ఆటలో మనకి అవును-కాదు రూలు పెడతాడా, బయట ఆయన నోట్లోంచి ఆ రెండూ రావు. "మనింట్లో పెళ్లికి వస్తున్నావా?" "చూద్దాం." "నా డ్రిల్లింగ్ మిషన్ నీ దగ్గరే ఉందా?" "ఉండాలే." ఉండాలే ఏంటి! తీసుకెళ్లింది నువ్వు, గోడకి నాలుగు కన్నాలని తీసుకెళ్లావు, పండగలు తిరిగొచ్చాయి. అడిగితే అక్కతో "వాడు మిషన్ కోసం ఇంత రాద్ధాంతమా" అనిపిస్తావు.

బావా, ఈ పోస్టు చూస్తావని తెలుసు. మిషనొక్కటే కాదు, దాని బిట్లు కూడా కావాలి. అన్నీ.