జో లూయిస్ బాకీ విషయమై

మహారాజశ్రీ అమెరికా ఆదాయపు పన్ను శాఖ వారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగక్కర్లేదు, తమరెప్పుడూ బాగానే ఉంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మా తెలుగు పిల్లలు ఏప్రిల్ వచ్చేసరికి మీ పేరు వింటేనే టెన్షన్ పడుతుంటారు కాబట్టి మీ ప్రతాపం మాకు కొత్త కాదు. అయితే ఇది వాళ్ళ రీఫండు గురించి కాదు. జో లూయిస్ అనే బాక్సరు గురించి.

ఆయన ఫైలు మీ దగ్గర ఉండే ఉంటుంది. కన్నతల్లి అయినా మర్చిపోతుందేమో గానీ, మీరు బాకీదారును మర్చిపోరు.

1914లో అలబామాలో కౌలు రైతు ఇంట పుట్టి, డెట్రాయిట్‌లో పెరిగి, 1934లో తొలి ప్రొఫెషనల్ పోటీకి 59 డాలర్లు పుచ్చుకున్న కుర్రాడు. నాలుగు డబ్బులు కళ్ళజూడగానే, ఇంట్లో గడవని రోజుల్లో తన కుటుంబానికి అందిన ప్రభుత్వ సహాయాన్ని తిరిగి కట్టేశాడు. అప్పుడే మీవాళ్ళు ఆయన మీద కన్నేసి ఉంటారు. అడక్కుండానే ఇస్తున్నవాడు, అడిగితే ఇంకెంత ఇస్తాడో అని.

1937లో హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడు యాంకీ స్టేడియంలో జర్మనీ బాక్సరు మాక్స్ ష్మెలింగ్‌ను 124 సెకన్లలో పడగొట్టాడు. హిట్లరుకు బుద్ధి చెప్పామని దేశమంతా చంకలు గుద్దుకుంది. నల్లవాడిని తమ పక్క బల్ల దగ్గర కూర్చోనివ్వని వాళ్ళు కూడా ఆ రాత్రి ‘మనవాడు’ అన్నారు.

ఇక 1942 సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం. జనవరిలో బడ్డీ బేర్‌తో తలపడి తన వాటా డబ్బు నౌకాదళ సహాయనిధికి ఇచ్చేశాడు. వెంటనే మామూలు సిపాయిగా సైన్యంలో చేరాడు. నెలకు 21 డాలర్ల జీతం, అదీ నల్లవాళ్ళను విడిగా ఉంచే సైన్యంలో. మార్చిలో ఏబ్ సైమన్‌తో మళ్ళీ రింగులోకి దిగాడు. ఈసారి డబ్బు సైన్యం నిధికి. ఆపైన సైనికుల వినోదం కోసం 96 ప్రదర్శన పోటీలు.

అప్పుడు తమరు కలం తీశారు. ఆ రెండు పోటీల సొమ్ము ఆయన జేబులో పడలేదని లోకమంతా ఎరుగును. మీ లెక్కలో మాత్రం అది ఆయన ఆదాయమే. ఆదాయం అన్నాక పన్ను, పన్ను ఆలస్యమైతే వడ్డీ, వడ్డీ పేరుకుంటే జరిమానా. ప్రభుత్వం కుడి చేత్తో విరాళం అందుకుని దండ వేసింది. ఎడమ చేత్తో నోటీసు ఇచ్చింది. ఆ ఎడమ చెయ్యి తమరు. బాక్సింగ్‌లో ఎడమ చేతి దెబ్బే ప్రమాదమంటారు మరి.

లూయిస్ గారు లెక్కల మనిషి కాడు, ఒప్పుకుంటాను. గోల్ఫ్ పందేలు కాశాడు, చెయ్యి చాచిన ప్రతివాడికీ ఇచ్చాడు, తన పేరుతో కూల్ డ్రింకు పెట్టి చేతులు కాల్చుకున్నాడు. పోటీల మీద వచ్చింది సుమారు 46 లక్షల డాలర్లయితే, మేనేజర్లూ మధ్యవారూ పంచుకోగా ఆయనకు దక్కింది 8 లక్షల చిల్లర. అయినా మీ పద్దు మాత్రం పెరుగుతూనే పోయింది.

టైటిల్‌ను 25 సార్లు నిలబెట్టుకుని 1949లో చాంపియన్‌గానే విరమించాడు. మరుసటి ఏడే 5 లక్షల డాలర్లకు పైగా బాకీ తేల్చారు. కట్టాలంటే సంపాదించాలి. ఆయనకు తెలిసిన సంపాదన కొట్టడం, కొట్టించుకోవడం. 36 ఏళ్ళ వయసులో మళ్ళీ గ్లవ్స్ తొడిగాడు. ఇక్కడే మీ మేధస్సుకు నమస్కరించాలి. పెద్ద ఆదాయం మీద ఆ రోజుల్లో 90 శాతం దాకా పన్ను. అంటే పాత పన్ను తీర్చడానికి దెబ్బలు తిని తెచ్చిన డబ్బులో సింహభాగం కొత్త పన్నుకే పోతుంది. మిగిలింది వడ్డీకైనా చాలదు. మళ్ళీ దెబ్బలకు వెళ్ళాలి.

1951లో రాకీ మార్సియానో ఎనిమిదో రౌండులో ఆయన్ని తాళ్ళ మధ్యనుంచి బయటకు పడేలా కొట్టాడు. గెలిచిన మార్సియానో డ్రెస్సింగ్ రూములో ఏడ్చాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు గనక, మీరు గేటు కలెక్షన్ ఎంతో అడిగి ఉంటారు.

1953లో ఆయన తల్లి పోయింది. కొడుకు పేర రాసిపెట్టిన 667 డాలర్లు కూడా జమ చేసుకున్నారు. పెద్ద మొత్తం లాక్కోవడం ఎవరైనా చేస్తారు, ఆ 667 కోసం కూడా చెయ్యి చాపడానికి శ్రద్ధ కావాలి. 1956లో బతుకుతెరువుకు కుస్తీ పోటీల్లోకి దిగాడు. బాకీ 10 లక్షలు దాటాక, ఇక వచ్చే అవకాశం లేదని మీకూ అర్థమై, 1960ల మొదట్లో అప్పటి సంపాదన మీద మాత్రమే పన్ను కడితే చాలన్నారు. చివరి రోజుల్లో లాస్ వేగస్‌లో సీజర్స్ ప్యాలెస్ జూదశాలకు వచ్చేవాళ్ళను పలకరించడం ఆయన ఉద్యోగం. ఆయన చేతిలో చిత్తుగా ఓడిన ‘శత్రువు’ ష్మెలింగ్ డబ్బు సాయం చేస్తూ వచ్చాడు, అంత్యక్రియల ఖర్చులో కూడా చెయ్యి వేశాడు. జర్మన్లకు మీ నిబంధనలు తెలియవు పాపం.

1981 ఏప్రిల్ 12న లూయిస్ కన్నుమూశాడు, రిటర్నుల గడువుకు సరిగ్గా మూడు రోజుల ముందు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక మర్యాదలతో ఖననం చేశారు. 1993లో మీ తపాలా శాఖ ఆయన బొమ్మతో 29 సెంట్ల స్టాంపు వేసి ఊరూరా అమ్మింది. ఆ అమ్మకాల సొమ్ములో ఆయన ఖాతాకు ఎంత జమ వేశారో తెలియజేస్తూ, రసీదు ఈ చిరునామాకు పంపగలరు.

ఇట్లు,
మీకు ఒక్క సెంటు కూడా బాకీ లేని
ఓ తెలుగువాడు