నప్పదన్న మాట ముందే ఎందుకు వస్తుంది?

సుల్తాన్ బజార్‌లో జాకెట్టు ముక్కలు అమ్మే మ్యాచింగ్ సెంటర్ ముందు కాసేపు నిలబడితే చాలు, రంగుల విషయంలో మన ఆడవాళ్లకున్న పట్టు ఎంతటిదో అర్థమవుతుంది. పోయిన శ్రావణ మాసంలో అలాంటి ఒక దుకాణంలో, గద్వాల చీరకు జాకెట్టు ముక్క వెతుకుతున్న తల్లీకూతుళ్ల పక్కన నేనూ నిలబడి ఉన్నాను. దుకాణదారు వరసగా నాలుగు ముక్కలు పరిచాడు. నా కంటికి నాలుగూ ఒకే రాణి రంగు. ఆ తల్లి మాత్రం ఒకదానిలో నీలం పాలు ఎక్కువైందని, మరొకటి అంచు పక్కన పెడితే ఇటుక రంగులా కనిపిస్తోందని తీసేసి, మిగిలిన రెండింటినీ చీర కొంగుతో సహా గుమ్మం దాకా పట్టుకెళ్లి, ఎండ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి ఒకటి ఖాయం చేసింది. పది నిమిషాల తర్వాత పక్క దుకాణంలో, కూతురు వేలి కొసన రాసుకున్న ముదురు రాణి రంగు లిప్‌స్టిక్‌ను అదే తల్లి ట్యూబులైటు కింద ఒక్క క్షణం చూసి, “గంత ముదురు రంగు నీకు నప్పదు బిడ్డా, లైట్‌ది తీస్కో” అంది.

ఆ ఒక్క మాటను పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. చీర విషయంలో నప్పదు అన్నది పరీక్ష ముగిశాక వచ్చే తీర్పు. ముఖం విషయంలో అదే మాట పరీక్షకు ముందే వచ్చేస్తుంది. నెమలికంఠం, చిలకపచ్చ, వంగపండు, ఆవపూత, నేరేడు అంటూ ఒక్కో ఛాయకు ఒక్కో పేరు పెట్టుకున్న వాళ్లం, లిప్‌స్టిక్ కౌంటర్ దగ్గరకు వచ్చేసరికి లైట్, డార్క్ అనే రెండు మాటలతో సరిపెట్టుకుంటున్నాం. రంగురంగుల ఐషాడో దగ్గరకైతే చాలామంది అసలు వెళ్లనే వెళ్లరు. ఈ తీర్పులో అందానికి సంబంధించిన లెక్క తక్కువ, ఒంటి రంగు గురించి మనలో పాతుకుపోయిన అభిప్రాయం ఎక్కువ అని నా నమ్మకం. రంగుద్రవ్యాల తీరు తెలిసిన వారికి ఇది తలకిందులైన సలహాగా కూడా కనిపిస్తుంది.

ముందు పెదవి సంగతి చూద్దాం. లిప్‌స్టిక్ అంటే ప్రధానంగా మైనాలు, నూనెలు, రంగుద్రవ్యాలు. ఆ నూనెల్లో ఆముదానిది పెద్దపీట, ఎందుకంటే అది చిక్కగా ఉండి రంగు పొడిని బాగా పట్టి ఉంచుతుంది. పాలమూరు, నల్లగొండ మెట్ట పొలాల్లో తరాలుగా పండుతున్న ఆముదం, రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మేలైన వంగడాల కోసం శ్రమిస్తున్న ఆముదం ఇదే. లిప్‌స్టిక్‌ను పరాయి వస్తువుగా చూసేవారు ఈ చిన్న సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఇక రంగు విషయానికి వస్తే, లేత గులాబి, లేత గోధుమ వంటి ఛాయలు తయారుచేయాలంటే ముదురు రంగుద్రవ్యానికి తెల్లని టైటానియం డయాక్సైడ్ కలపాలి. ఛాయ ఎంత లేతగా కావాలంటే తెలుపు అంత ఎక్కువ పడుతుంది. ఈ తెలుపే చామనఛాయ, నలుపు ఒంటిపై బూడిద పూసినట్టు తేలుతుంది, ముఖం జ్వరం పడి లేచినట్టు కనిపిస్తుంది. మెరూన్, నేరేడు, ఇటుక ఎరుపు, ముదురు రాణి రంగుల్లో తెలుపు పాలు తక్కువ, రంగుద్రవ్యం పాలు ఎక్కువ కాబట్టి అవి అదే ఒంటిపై నిండుగా నిలుస్తాయి. అంటే నల్లగా ఉన్న అమ్మాయికి లైట్ రంగు తీసుకోమని చెప్పినప్పుడు, ఆమెపై తేలిపోయే అవకాశం ఎక్కువగా ఉన్న రంగునే మనం ఆమె చేతికి ఇస్తున్నాం. తరవాత అద్దంలో అది బాగా లేకపోతే లిప్‌స్టిక్ ఏదీ తనకు నప్పదని ఆ అమ్మాయి అనుకుంటుంది.

మనలో చాలామందికి రెండు పెదవులూ ఒకే రంగులో ఉండవు. పై పెదవి గోధుమ రంగులోనో ఊదా మేళవించిన నలుపులోనో ఉంటే, కింది పెదవి నడుమ గులాబి తేలి ఉంటుంది. దీనిపై పలుచని లిప్‌స్టిక్ వేస్తే కింద ఒక రంగు, పైన ఒక రంగు కనిపిస్తాయి. రంగు మీద నింద వేయకముందు, దగ్గరి ఛాయ ఉన్న లిప్ పెన్సిల్‌తో పెదవి అంతటినీ ఒకసారి నింపి, ఆపైన లిప్‌స్టిక్ వేసి చూడాలి. ఒకటిన్నర నిమిషం పట్టే పని ఇది. అదే ట్యూబ్‌లోని రంగు వేరే రంగులా కనిపిస్తుంది.

కన్ను విషయం ఇంకా ఆసక్తికరం. మన కనురెప్పలు సాధారణంగా ముఖంలోని మిగతా చర్మం కంటే ఒక ఛాయ ముదురుగా ఉంటాయి. మెరుపు లేని నీలం, పసుపు, చిలకపచ్చ పొడులను నేరుగా వాటిపై అద్దితే కింది గోధుమ రంగు వాటిని మింగేసి బురద రంగు మిగులుతుంది. అవి నిలవాలంటే ముందు రెప్పపై చర్మపు రంగును కప్పే లేత రంగు కన్సీలర్ పలుచగా పరచాలి. మెరుపు రంగుల లెక్క దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటిలో అభ్రకపు పలుకులపై టైటానియం డయాక్సైడ్‌ను అతి పలుచని పొరగా ఎక్కించి ఉంటారు. ఆ పొర మందాన్ని బట్టి కాంతిలో ఒక రంగు మన కంటి వైపు తిరిగి వస్తుంది, మిగిలినది లోపలికి దూసుకుపోతుంది. అలా లోపలికి పోయిన వెలుగును కింద ఉన్న ముదురు చర్మం పీల్చుకుంటేనే పైకి వచ్చిన రంగు స్పష్టంగా కనబడుతుంది. కింద తెలుపు ఉంటే అంతా కలిసిపోయి వెలవెలబోతుంది. దసరా రోజు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తూ మనం వెతుక్కునే పాలపిట్ట రెక్క నీలం కూడా నీలి రంగుద్రవ్యం వల్ల వచ్చింది కాదు. ఈకలోని సూక్ష్మ నిర్మాణం వెలుగును వెదజల్లడం వల్ల, దాని కింద నల్లని మెలనిన్ ఉండడం వల్ల ఆ నీలం అంత నిండుగా కనిపిస్తుంది. మన రాష్ట్ర పక్షి రెక్క మీద నలుపు చేస్తున్న పనినే చామనఛాయ కనురెప్ప చేస్తుంది. నెమలికంఠం రంగు ఐషాడోను వేలితో తడిగా ఒకసారి అద్ది, తల కాస్త పక్కకు తిప్పి చూసిన వాళ్లెవరైనా దీన్ని ఒప్పుకుంటారు. మెరుపు నీలాలకు, పచ్చలకు అనుకూలమైన చర్మం మనకు పుట్టుకతో వచ్చింది. దాన్ని లోపంగా చెప్పడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

మరి నప్పదన్న మాట ఇంత బలంగా ఎలా నాటుకుంది? ఒక కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో ‘ముఖానికి రంగు వేసుకోవడం’ అంటే నటించడం. మొదటిసారి ఎప్పుడు ముఖానికి రంగేసుకున్నారని నటులను అడుగుతాం. రంగు వేదిక మీదిది, ఇంట్లో ఉండే ఆడపిల్లది కాదన్న భావం ఆ నుడికారంలోనే ఇమిడి ఉంది. 1885లో కడప ప్రాంతంలో పుట్టి, తరవాత ఎన్నో కుటుంబాలు లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడేదాకా సాగిన సురభి నాటక సమాజ చరిత్రలో, ఆడవేషాలు ఆడవాళ్లే వేశారన్నది గర్వించదగ్గ విషయం. కానీ ఆ కాలపు సమాజం రంగస్థలంపై నిలబడ్డ స్త్రీని గౌరవంగా చూడలేదు. ముదురు ఎరుపు పెదవులను చూడగానే కొందరు పెద్దవాళ్ల కనుబొమలు ఇప్పటికీ ముడిపడడంలో ఆ పాత చిన్నచూపు ఛాయ ఉంది.

రెండో కారణం తెల్లదనపు వ్యాపారం. చర్మాన్ని తెల్లగా చేస్తామని చెప్పే ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది, 2020లో ఫెయిర్ అన్న మాటను తీసేసి గ్లో అన్న మాటను చేర్చుకుంది. నడుమ గడిచిన నలభై అయిదేళ్లలో రెండు తరాల అమ్మాయిలు పెరిగి పెద్దవారయ్యారు. తన ముఖం సరిదిద్దాల్సిన వస్తువని పదే పదే విన్న అమ్మాయికి, ఆ ముఖం మీదికి పదిమంది చూపు లాగే రంగు వేసుకోవాలన్న ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? లేత రంగు తీసుకోమనే సలహా అర్థం నలుగురి కంట పడకుండా ఉండమనే. ప్రేమతోనే చెప్పినా దాని అర్థం మారదు.

ఇది మన సంప్రదాయం కాదనే వారికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఆముదపు దీపం మసితో కాటుక పట్టి, ఆషాఢంలో గోరింట ఎర్రగా పండిందా లేదా అని చేతులు చూసుకుని, తాంబూలంతో నోరు పండించుకున్న వాళ్లం మనం. తెల్లగా పూసే గునుగు పువ్వు మనకు చాలక, దానికి గులాబి, నీలం, పచ్చ రంగులు అద్ది బతుకమ్మలో పేరుస్తాం. రంగు అంటే భయపడే జాతి చేసే పనులు కావివి.

పెళ్లిళ్లను చూస్తే ఈ అభ్యంతరం అసలు రంగు మీద కాదని ఇంకా బాగా తెలుస్తుంది. కొంపల్లిలోనో నాగోలులోనో ఫంక్షన్ హాలు వెలుగుల్లో పెళ్లికూతురి రెప్పలపై బంగారు రంగు, పెదవులపై ముదురు ఎరుపు అందరికీ ముచ్చటగా ఉంటాయి. అదే అమ్మాయి పదహారు రోజుల పండుగ అయ్యాక, కాటుక పైన ఒక సన్నని నీలి గీత గీసుకుని మాదాపూర్‌లోని ఆఫీసుకు వెళ్తే, “ఏంటి, ఫంక్షన్ ఉందా?” అన్న ప్రశ్న లిఫ్టు దగ్గరే ఎదురవుతుంది. పదిమంది కోసం అలంకరించుకుంటే సరే, తనకోసం తాను వేసుకుంటే సంజాయిషీ ఇవ్వాలి. ఇంకో విచిత్రం, ఆ పెళ్లి మేకప్‌లో కూడా ముఖం మెడకంటే రెండు ఛాయలు తెల్లగా ఉండేలా ఫౌండేషన్ పూయడం మామూలైపోయింది. అంతా కలిపి వేలకు వేలు పోసి, ఆ పిల్ల సొంత రంగును ఆ ఒక్క రోజు కూడా కనబడనివ్వడం లేదు.

మేకప్ వేసుకోవాలన్న ఒత్తిడి కూడా తక్కువేమీ కాదు కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. నిజమే. రిసెప్షన్ కౌంటర్లలో, షోరూముల్లో పనిచేసే అమ్మాయిలకు లిప్‌స్టిక్ ఇష్టంతో నిమిత్తం లేని డ్యూటీ. ఏ రంగూ వద్దనుకునే హక్కును నేను అంతే గట్టిగా సమర్థిస్తాను. అయితే ఆ డ్యూటీలో కోరేది కూడా నలుగురి కంటికీ అభ్యంతరం లేని లేత రంగునేనని మరిచిపోకూడదు. ముదురు నేరేడు పెదవులతో రమ్మని ఏ మేనేజరూ చెప్పడు.

ప్రయోగం చేసేవారు జాగ్రత్తపడవలసిన చోటు ఒకటుంది, అది కన్ను. పేవ్‌మెంట్ మీద దొరికే, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని ఐషాడో పెట్టెలు ఎంత చవకైనా కంటి దగ్గరికి రానివ్వకూడదు. సౌందర్య సాధనాల్లో వాడే కృత్రిమ రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 20 పాళ్లు మించరాదని మన దేశ నిబంధనలు చెబుతున్నాయి. లేబుల్ లేని పెట్టెలో ఎంత ఉందో చెప్పేవారుండరు. సంప్రదాయ సుర్మాలో గెలీనా అనే సీసపు ఖనిజాన్నే పొడి చేసి వాడడం ఉంది కాబట్టి, పాతది, సహజమైనది అన్న మాటను నమ్మి కంట్లో పెట్టుకోవడం మంచిది కాదు. చేతిపనులకు వాడే చమ్కీ పొడి కనుగుడ్డును గీరుతుంది, కంటి కోసమే తయారైన మెరుపును మాత్రమే వాడాలి. లిప్‌స్టిక్‌నే వేలితో రెప్పలకు రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. పెదవులకు అనుమతి ఉన్న కొన్ని ఎర్ర రంగులకు కంటి దగ్గర వాడేందుకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేదన్నది తెలుసుకుని మానుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు రెప్ప లోపలి అంచున గీయకపోవడమే మేలు. దుకాణంలోని టెస్టర్‌ను ఎన్నడూ పెదవికి, కంటికి తాకించకూడదు.

మొదటిసారి ప్రయత్నించేవారు పెదవులు, కళ్లు రెండింటినీ ఒకే రోజు మార్చకపోవడం మంచిది. ముదురు పెదవులుంటే కళ్లు వెలవెలబోవాలన్న నియమాన్ని నేను ఒప్పుకోను. ఎర్ర ఒంటికి ఆకుపచ్చ అంచు నేసిన గద్వాల చీరను కట్టుకునే చోట ఆ నియమానికి పెద్ద బలం లేదు. ఒక్కొక్కటిగా వేసుకుంటే తేడా ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది, అంతే. నల్ల కాటుక అలాగే ఉంచి, దాని పైన ముదురు నీలం పెన్సిల్‌తో ఒక గీత గీయడం మంచి ఆరంభం. మన గోధుమ రంగు కళ్లకు నీలం ఎదురు రంగు కాబట్టి నల్లగుడ్డు చుట్టూ ఉన్న గోధుమ తేటగా బయటపడుతుంది. ఆ గీతను కనీసం మూడు రోజులు వరసగా వేసుకోవాలి. మొదటి రోజు అద్దంలో కనిపించేది కొత్తదనం, రంగు మూడో రోజుకు గానీ కనిపించదు. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో పెట్టిన లిప్‌స్టిక్ కరిగి మూతకు అంటుకుంటుందని వేరే చెప్పనక్కర్లేదు. లిప్‌స్టిక్ ఛాయ చూడాలంటే మణికట్టు కంటే వేలి కొస మేలు, ఆ చర్మం రంగు పెదవికి దగ్గరగా ఉంటుంది.

సుల్తాన్ బజార్ అమ్మాయికి ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, ఆమె వేలి కొసనే రాసుకుంది. తల్లి మాటకు ఎదురు చెప్పలేదు. కాసేపు ఆగి, వేలిని అలాగే పైకెత్తి పట్టుకుని గుమ్మం దాకా నడిచి, “అమ్మా, ఇక్కడికొచ్చి చూడు” అని పిలిచింది. తల్లి వచ్చింది. ఎండలో ఆ వేలిని అటూ ఇటూ తిప్పింది. ఆ తర్వాత సంచిలోంచి జాకెట్టు ముక్క పొట్లం తీసి, విప్పి, గుడ్డను వేలి పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టింది.