మన వాడి వీపు వీడియో

డాలస్‌కి ఉత్తరాన ఉండే ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళు బోలెడంతమంది. 2016 నుంచి డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ హెడ్డాఫీసు కూడా ఆ ఊళ్ళోనే. అందుకని అక్కడ మగపిల్లాడు భుజాలకి ప్యాడ్లు కట్టించుకోకుండా పెద్దవాడవడం కాస్త కష్టం. మన కథలో ఆయన పదేళ్ళ పిల్లల అమెరికన్ ఫుట్‌బాల్ టీముకి అసిస్టెంట్ కోచ్, జీతం ఉండదు, టీషర్టు ఇస్తారు. ఆవిడకి అప్పగించిన పని వీడియో తియ్యడం. ఈ సీజన్లో తమని చిత్తు చేసిన టీముతోనే రేపు పొద్దున మళ్ళీ ఆట. శుక్రవారం రాత్రి, పిల్లాడు పడుకున్నాడు, వంటింటి గట్టు మీద పల్లీలు పదకొండు, ఎండుమిరపకాయలు పదకొండు ఎదురెదురుగా బారులు తీరి ఉన్నాయి. పల్లీలు మనవాళ్ళు.

ఆయన: ఆ ఓడిపోయిన ఆటకి ఇదేం వీడియోనే తల్లీ! గంట నుంచీ చూస్తున్నా, బంతి ఎక్కడా కనపళ్ళేదు.

ఆవిడ: మన వాడు కనపడ్డాడుగా.

ఆయన: మన వాడి వీపు కనపడింది. గ్రౌండ్లో ఇరవై ఇద్దరుంటే ఒక్కడి వీపు! బంతి పట్టుకుని పక్కనుంచి చుట్టి పోయే స్వీప్ ఆడినప్పుడల్లా ఎన్ని గజాలొచ్చాయో చూసుకుందామంటే...

ఆవిడ: రాలేదు. నన్నడిగితే గంట క్రితమే చెప్పేదాన్ని, కరెంటన్నా మిగిలేది. అయినా వాడి చేతికి బంతి ఇస్తే బంతిని కూడా తీసేదాన్ని. ఎందుకివ్వరు? కోచ్ కొడుకై ఉండి కూడా వాడు వేరేవాళ్ళ పిల్లలకి దారి చెయ్యడమేనా?

ఆయన: వాడి హెల్మెట్ మీద స్టిక్కరుంది కదే! మన లీగులో బరువు గీత దాటిన పిల్లలు బంతి పట్టుకుని పరుగెత్తకూడదు. ఆ స్టిక్కర్ అంటించింది లీగువాళ్ళు కాదు, నీ నెయ్యి.

ఆవిడ: నా నెయ్యి జోలికి రాకండి. శనివారం ప్రాక్టీసయ్యాక కారులో దొంగచాటుగా తండ్రీకొడుకులు తినే డోనట్ల సంగతి నాకు తెలియదనుకోకండి, సీటు కింద పంచదార పొడి దులుపుకునేది నేనే.

ఆయన: (కాసేపు పల్లీలు సర్ది) లైన్లో నిలబడి దారి చేసే మన వాడి చోటుని గార్డ్ అంటారు, అంత చులకనగా చూడకు. విన్స్ లొంబార్డి అని మహానుభావుడు, కాలేజీలో ఆడినప్పుడు ఆయనా గార్డే. తర్వాత గ్రీన్‌బే ప్యాకర్స్‌కి కోచ్ అయ్యి, ఇద్దరు గార్డుల్నీ లైన్లోంచి బయటికి లాగి బంతి పట్టుకున్నవాడికి ముందు పరుగెత్తించి, ఆ స్వీప్‌తోనే 1960ల్లో ఎదుటివాళ్ళని ముప్పుతిప్పలు పెట్టాడు. ఇవాళ సూపర్ బౌల్ గెలిచినవాళ్ళకిచ్చే కప్పుకి ఆయన పేరే.

ఆవిడ: మరి ఆయనకీ బరువు స్టిక్కర్ ఉండేదా?

(దీనికి జవాబు లేదు. ఆవిడ పప్పు కిందకి దించి, మూకుడు పెట్టి, గట్టు మీదనుంచి ఒక ఎండుమిరపకాయ తీసి తుంపి నూనెలో వేసింది.)

ఆయన: ఏయ్ ఏయ్! ఏం చేశావ్! అది వాళ్ళ డిఫెన్సివ్ ఎండ్!

ఆవిడ: ఎవరైతే నాకేం, పోపులోకి మిరపకాయ కావాలి.

ఆయన: లైనుకి ఆ చిట్టచివర నిలబడేవాడే వాడు! వాడి పనే మన పరుగు బయటికి పోకుండా ఆపడం. దాన్ని కంటెయిన్ అంటారు. వాడు లేకపోతే అటువైపు ఖాళీయే, సైడ్‌లైన్ పక్కనుంచి ఎవరైనా పోవచ్చు...

ఆవిడ: చూశారా, నేను ఒక్క చేత్తో తీసిపారేశాను. మీ ఎక్సెల్ షీట్లో 42 ప్లేలూ కలిసి వాణ్ణి కదపలేకపోయాయి.

ఆయన: 42 ఊరికే రాయలేదు. ఒక్కోదానికీ రంగులున్నాయి.

ఆవిడ: పిల్లలకి కుడీ ఎడమా ఇంకా కుదరలేదు, మీకు రంగులు కావాలా! సరే ఆ వీడియో ఇలా తెండి. ఆ పసుపు మేజోళ్ళ పిల్లాణ్ణి చూడండి.

ఆయన: ఏ పిల్లాడు?

ఆవిడ: స్వీప్ ఆడినప్పుడల్లా మన వాడు లైన్లోంచి పక్కకొచ్చి ఎవడి మీదకి పోతున్నాడు? వాళ్ళ చివరివాడి మీదకే కదా. అంటే మన వాడి వీపు తీశానంటే వాడి మొహం తీసినట్టే. ఇప్పుడు చూడండి, బంతి కదిలింది, వాడేం చేశాడు? రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. లోపలికి రాడు, బయటి భుజం ఎవరికీ చిక్కనివ్వడు. మన వాడు పోయి గుద్దినా అక్కడే. ఇంకోసారి చూడండి. అదే రెండడుగులు. మళ్ళీ అదే.

ఆయన: (ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని) ఓహో.

ఆవిడ: ఓహో కాదు. వాడు అలా నిలబడితే మీరు వాడి బయటినుంచి పంపిస్తారేంటి, పనిగట్టుకుని? ఆ పరుగెత్తే పిల్లాడు పాపం వాణ్ణి చుట్టి రావడానికి ఇంకా ఇంకా బయటికి పోయి పోయి, చివరికి గీత దాటి నా కుర్చీ మీద పడ్డాడు. ఫ్లాస్కు పగిలింది. మంచి ఫ్లాస్కు.

ఆయన: ఫ్లాస్కు సంగతి తర్వాత. ఇదంతా నీకెలా తెలుసు?

ఆవిడ: స్కూల్లో కబడ్డీ ఆడానని పెళ్ళయిన కొత్తలో చెప్తే నవ్వారుగా. రైడ్‌కి వెళ్ళినప్పుడు చివర నిలబడ్డ కార్నర్ పాదాలు చూస్తాం, వాడు వెనక్కి బరువేశాడా, చీలమండ కోసం వంగుతున్నాడా అని. మొహం చూస్తే మోసపోతాం. ఇక్కడ హెల్మెట్లో మొహం ఎలాగూ కనపడదు, మరీ తేలిక.

(ఇక్కడ ఆయనకి మాట పడిపోవడం చూడాల్సిందే. భర్తలకి ఈ నిశ్శబ్దం వచ్చిందంటే ఆవిడ చెప్పింది నిజమని అర్థం, ఆయన ఇంకో రెండు నిమిషాల్లో అదే మాట తన మాటగా చెప్తాడని కూడా అర్థం.)

ఆయన: అదే నేననేది! వాడు బయట నిలబడ్డాడంటే వాడికీ వాళ్ళ లోపలివాడికీ మధ్య సందు పెరుగుతుంది. గార్డ్ లోపలినుంచి వచ్చి వాణ్ణి ఇంకాస్త బయటికి తోస్తే, మన రన్నర్ ఆ సందులోంచి దూరిపోతాడు. దాన్ని ఆఫ్ ట్యాకిల్ అంటారు.

ఆవిడ: బయటికి పోతానన్నవాణ్ణి బయటికే తొయ్యండి, మీకూ శ్రమ తగ్గుతుంది. ఇప్పుడు ఎడమవైపు చూడండి, ఆ పొట్టివాడు. బంతి కదిలీ కదలగానే లోపలికి దూకుతాడు.

ఆయన: అది క్రాష్ చెయ్యడం. పిల్లలకి బంతి పంచే క్వార్టర్‌బ్యాక్‌ని పడేసెయ్యాలని ఆశ, వాళ్ళ కోచ్ ఎంత చెప్పినా వినరు. వాణ్ణి లోపలే మూసేసి బయటనుంచి పోవాలి. అంటే స్వీప్ ఆడాల్సింది...

ఆవిడ: ఎడమవైపు. మీరేమో ఆ రోజంతా కుడివైపే ఆడారు.

ఆయన: మన రన్నర్‌కి కుడివైపు అలవాటు!

ఆవిడ: వాళ్ళ పసుపు మేజోళ్ళవాడికీ అలవాటైపోయింది, అదే గొడవ.

ఆయన: నువ్వు మరీ తేలిగ్గా చెప్పేస్తున్నావు. ఒక్క ఎండ్‌ని చూస్తే సరిపోదు. వాడి వెనకాల పాస్‌ని కాచే కార్నర్ ఉంటాడు, పక్కన లైను వెనక నిలబడే లైన్‌బ్యాకర్ ఉంటాడు. బయటికి పోతే ముందు ఎదురొచ్చేదెవడు, లోపల సందు మూసేదెవడు, వెనకనుంచి తరుముకొచ్చేదెవడు, ఈ ముగ్గుర్నీ కనిపెట్టాలి. పైగా బంతి ఎక్కడుందో కూడా చూసుకోవాలి. గ్రౌండ్ వెడల్పు 160 అడుగులు. ఇక్కడి హైస్కూల్ గ్రౌండుల్లో పొడుగునా ఉండే హ్యాష్ గీతలు ఆ వెడల్పుని మూడు సమాన భాగాలు చేస్తాయి. బంతి ఒక గీత మీదుంటే ఒకవైపు 53 అడుగులే, రెండోవైపు దానికి రెట్టింపు.

ఆవిడ: మరి సన్నంగా ఉన్నవైపుకి స్వీప్ పంపిందెవరు?

ఆయన: అది... హెడ్ కోచ్.

ఆవిడ: మీ షీట్లో ఆకుపచ్చ రంగు వేసి ఉంది. నేను చూశాను.

ఆయన: నువ్వు నా షీట్ ఎందుకు చూశావ్?

ఆవిడ: కూరగాయల లిస్టు దాని వెనకే రాశాను కాబట్టి. సర్లెండి, కార్నర్ అన్నారుగా, కుడివైపు కార్నర్ ఎక్కడున్నాడో ఈ వీడియోలో ఒకచోట కనపడతాడు, మన వాడు కింద పడ్డప్పుడు నేను జూమ్ వెనక్కి తీశాను. ఇదిగో. స్వీప్ అనుకోగానే వీడు ముందుకి లగెత్తుకొచ్చేశాడు. వీడి వెనకాల ఎవరున్నారు?

ఆయన: ఎవరూ లేరు. (కుర్చీలోంచి లేచి) ఎవరూ లేరే! స్వీప్ ఆడుతున్నట్టే నటించి, క్వార్టర్‌బ్యాక్ బంతి దాచుకుని, లైను చివరుండే మన టైట్ ఎండ్ ఒక్క క్షణం అడ్డుకున్నట్టు చేసి వాడి వెనక్కి జారుకుంటే...

ఆవిడ: మన క్వార్టర్‌బ్యాక్ ఎంత దూరం విసరగలడు?

ఆయన: ఎనిమిది గజాలు, గాలి అనుకూలిస్తే పది.

ఆవిడ: చాలుగా. ఖాళీగా ఉన్నవాడికి ఇవ్వడానికి ఇంకెంత కావాలి.

ఆయన: కానీ మన వాడు మాత్రం లైను దాటి ముందుకి పోకూడదు. పాస్ అన్నప్పుడు గార్డులు ముందుకెళ్తే పెనాల్టీ. వాడికి ఎదురుగా ఎవడన్నా కనిపిస్తే ఆగడు కదా, పోయి గుద్దేస్తాడు.

ఆవిడ: నేను చెప్తాను వాడికి. నా మాట వింటాడు.

ఆయన: నా మాట వినడా?

ఆవిడ: మీది స్టిక్కర్ మాట. ఇంకోటి, కుడివైపు స్వీప్ ఆడిన ప్రతిసారీ ఎడమవైపు పొట్టివాడు వెనకనుంచి తరుముకుంటూ వస్తున్నాడు. వాడి చోటు ఖాళీ. ఎవడికన్నా బంతి ఇచ్చి వెనక్కి తిప్పి అటు పంపకూడదూ?

ఆయన: రివర్స్. మొదట్లోనే ఆడితే లాభం లేదు. రెండు మూడుసార్లు స్వీప్ చూపించి వాడికి ఆశ పుట్టించాలి. (ఆవేశంగా షీట్ తీసి గీతలు కొడుతూ) అంటే స్వీప్, ఆఫ్ ట్యాకిల్, స్వీప్‌లా కనిపించే పాస్, స్వీప్‌లా కనిపించే రివర్స్. నాలుగూ మొదటి క్షణంలో ఒకేలా కనిపించాలి. డెలావేర్ యూనివర్సిటీవాళ్ళు 1950ల నుంచీ వింగ్ టీ అని ఆడింది ఇదే కదే! ఒకే మొదలు, ఎదుటివాడు దేనికి ఎగబడితే దానికి విరుగుడు. నేనిదంతా ఎప్పుడో చదివాను!

ఆవిడ: చదివారు. చూళ్ళేదు.

ఆయన: రేపు వాళ్ళు ఎండ్‌లని అటూ ఇటూ మార్చేస్తే? పొట్టివాడికి ఎవరన్నా బుద్ధి చెప్పి ఉంటే?

ఆవిడ: అందుకే మొదట్లో అటొకటి ఇటొకటి స్వీప్ ఆడండి, గజాల కోసం కాదు, వాళ్ళు ఏం చేస్తారో చూడ్డానికి. ఆ రెండుసార్లూ మీరు బంతి వైపు చూడకండి. హెడ్ కోచ్ చూస్తాడు, అంపైర్లు చూస్తారు, అవతలి పిల్లాడి వాళ్ళమ్మ చూస్తుంది. మీరు ఆ చివరివాడి మొదటి రెండడుగులే చూడండి.

ఆయన: కోచ్‌నై ఉండి బంతి చూడకుండా ఎలాగే?

ఆవిడ: పెళ్ళిచూపుల్లో నన్ను చూడకుండా మైసూర్‌పాక్ చూశారు, అప్పుడు ఎలాగో అలాగే.

ఆయన: (ఫోను తీసి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషు యాస మార్చి) హలో కోచ్, నేనే, ఈ టైములో సారీ, ఇప్పుడే వీడియో చూస్తుంటే నేనొక విషయం గమనించాను...

ఆవిడ: (మూకుట్లో గరిటె టంగుమనిపించి) ఎవరు గమనించారు?

ఆయన: ...మేం గమనించాం, కోచ్. ఆ, మా ఇంట్లో. ఆ, ఆవిడే, ఫ్లాస్కావిడ. (పెట్టేసి) నిన్ను మెచ్చుకున్నాడు. రేపు సైడ్‌లైన్ దగ్గరుండి ఎండ్‌ని చూసి చెప్తావా అన్నాడు, కానీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయినవాళ్ళే గీత ఇవతల నిలబడాలి, నీకు అవ్వలేదు.

ఆవిడ: కుర్చీలోంచే అరుస్తాను. తెలుగులో చెప్తే ఎవరికీ అర్థం కాదు. వాడు బయట నిలబడితే "లోపలికి" అంటాను, లోపలికి దూకితే "బయటికి" అంటాను.

ఆయన: ఇది ఫ్రిస్కో అమ్మా! వాళ్ళ టీమ్ పేరెంట్స్‌లో సగంమంది మనవాళ్ళే. ఆ పొట్టివాడెవడో తెలుసా? మొన్న హనుమంతుడి గుళ్ళో నీ పక్కన కూర్చుని పులిహోర రెండోసారి పెట్టించుకుందే, ఆవిడ కొడుకు. నువ్వు "బయటికి" అన్నావంటే వాళ్ళమ్మ వెంటనే "ఒరేయ్ బయట నిలబడరా" అంటుంది.

ఆవిడ: అవునా? వాడు వాళ్ళమ్మ మాట వింటాడా?

ఆయన: చచ్చినట్టు వింటాడు, గుళ్ళో చూశాను.

ఆవిడ: అయితే ఇంకేం, నేను "బయటికి బయటికి" అని గొంతు చించుకుంటాను, వాడు బయటికి పరుగెత్తుతాడు, మీరు లోపలినుంచి పంపించండి. ఆ మాట మన రన్నర్‌కి ముందే చెప్పండి, వాడు కూడా నేనన్నది నమ్మి బయటికొచ్చి నా మీద పడగలడు.

ఆయన: మన రన్నర్‌కి తెలుగు రాదు.

ఆవిడ: మరి మన వాడికి వచ్చుగా! వాడే ముందు పరుగెత్తేది!

ఆయన: అయ్యబాబోయ్. లేపు వాణ్ణి.