మరకను చూసి కీబోర్డును తూకానికి వేయకండి

తిరుపతి డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో ఏళ్ల తరబడి తెలుగు కొట్టిన టీవీఎస్ గోల్డ్ లాంటి మెకానికల్ కీబోర్డులు (ప్రతి కీ కింద విడి స్విచ్చు ఉండేవి) ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి. కొనేవాళ్లు విప్పి చూస్తారు. లోపలి సర్క్యూట్ బోర్డు వెనక గోధుమరంగు మరక కనిపిస్తే చాలు, నాసిరకం పని అని తేల్చేస్తారు. ఈ తీర్పు తప్పు.

ఆ మరక ఫ్లక్స్‌ది. రాగి మీది ఆక్సైడ్ పొరను తొలగించి, టంకం సాఫీగా పాకేలా చేసేది ఫ్లక్సే. పాతకాలం బోర్డుల్లో ఎక్కువగా వాడింది పైన్ చెట్ల జిగురు నుంచి తీసే రోజిన్. చల్లారాక అది గట్టిపడుతుంది, మామూలుగా కరెంటును పారనివ్వదు. మరక లేకుండా మెరిసే బోర్డులను అప్పట్లో చాలాచోట్ల సీఎఫ్‌సీ-113 లాంటి ద్రావకాలతో కడిగేవారు. ఓజోన్ పొరను తినేసే ఆ ద్రావకాలకు 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో కాలం చెల్లింది. కడగనక్కర్లేని ఫ్లక్స్‌లు అప్పటి నుంచే విస్తరించాయి. అంటే చాలా బోర్డుల మీద మరకను తెలిసే వదిలేశారు.

చూడాల్సింది అతుకును, అంటే స్విచ్చు కాలిని బోర్డుకు టంకంతో అంటించిన చోటును. ఇలాంటి కీబోర్డుల్లో వాడే చెర్రీ కంపెనీ స్విచ్చుకు రెండు కాళ్లు. 104 కీలుంటే స్విచ్చులకే 208 అతుకులు. మంచి అతుకు కాలి చుట్టూ పల్చగా ఎగబాకి, అంచుల్లో రాగితో కలిసిపోతుంది. గోలీలా ఉబ్బినా, కాలి చుట్టూ సన్నటి పగులు కనిపించినా అనుమానించాలి. మెరుపును కూడా నమ్మొద్దు. 183 డిగ్రీల దగ్గర కరిగే, 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపిన టంకం తళతళలాడుతుంది. 2006 జులైలో సీసాన్ని కట్టడి చేసే యూరప్ నిబంధనలు అమలయ్యాక వ్యాపించిన సీసం లేని టంకం బాగా అతికినా మసకగానే ఉంటుంది.

ఇంకో సంగతి. అందరూ మెచ్చుకునే ఐబీఎం మోడల్ ఎం కీబోర్డు 1985లో వచ్చింది. దాని కీల కింద టంకమే లేదు. స్ప్రింగు వంగి, కింద ఉన్న పొరల మీద దెబ్బ వేస్తుంది. అంత దిట్టమైన కీబోర్డును ముసలితనంలో ఇబ్బంది పెట్టేది లోపల విరిగిపోయే ప్లాస్టిక్ రివెట్లు. ఫ్లక్స్ మరకను చూసి అలాంటి లోపాన్ని ఎవరు కనిపెట్టగలరు?

మరక తేమ పీల్చి బోర్డును తినేస్తుందని కొందరంటారు. నీళ్లలో కరిగే ఫ్లక్స్, రేకులకు వాడే యాసిడ్ పేస్టు విషయంలో అది నిజమే. ఆకుపచ్చ తుప్పు కనిపిస్తే వెంటనే కడగాలి. పొడిగా, గట్టిగా ఉన్న రోజిన్‌కు మాత్రం ఆ నేరం అంటగట్టొద్దు. కంటికి బాగోలేదనుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ చాలు.

నన్ను అసలు బాధపెట్టేది వేరే ఉంది. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి, శ్రీసిటీలో ఫోన్లు తయారయ్యాయి. కొత్త వస్తువును బిగించే చేతులు మన జిల్లాలో ఉన్నాయి. పాతదాన్ని విప్పి ఏది మరకో, ఏది జబ్బో చెప్పేవాళ్లకు మాత్రం విలువ లేకుండా పోయింది. ఒక స్విచ్చు పోతే రెండు అతుకులు కరిగించి, టంకం లాగేసి, కొత్తది వేసుకోవచ్చు. పాత మెకానికల్ కీబోర్డు అసలు నాణ్యత అదే. చవక రబ్బరు కీబోర్డుకు ఆ భాగ్యం లేదు. కేంద్రం 2022లో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, సంతోషమే. కానీ రిపేరు చేసే మనిషి పోర్టల్లో తయారుకాడు. ప్రభుత్వ ఆఫీసులు తుక్కు కింద వేలం వేసే కీబోర్డులను ముందు తిరుపతి, చిత్తూరు ఐటీఐలకు పంపాలి. పిల్లలు వాటిని విప్పి, బాగుచేసి, సర్కారు బడుల కంప్యూటర్లకు తగిలించాలి.