శ్రీ నిదానవేగం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నిదానవేగం గారి సముఖానికి నమస్కరించి వ్రాయునది.

తమరి అసలు పేరు ‘విత్ ఆల్ డెలిబరేట్ స్పీడ్’ (ఆచితూచి ఆలోచిస్తూనే వేగంగా) అనీ, 1955 మే 31న అమెరికా సుప్రీంకోర్టు ఉత్తర్వులో తమరు కొలువుదీరారనీ ఎరిగినవాణ్ని. అంతకు ఏడాది ముందు, 1954 మే 17న, బ్రౌన్ కేసులో అదే కోర్టు నల్లపిల్లలను వేరుగా కూర్చోబెట్టే ప్రభుత్వ బడులు రాజ్యాంగ విరుద్ధమని ఏకగ్రీవంగా తేల్చి, 1896 నుంచి పెత్తనం చేస్తున్న ‘వేరైనా సమానమే’ అనే తమరి పెద్దాయనను బడి గడప బయటికి పంపింది. (ఆయనగారి సమానత్వంలో దక్షిణ కెరొలైనాలోని క్లారెండన్ కౌంటీ తెల్లపిల్లలకు 30 బస్సులుండేవి, నల్లపిల్లలకు ఒక్కటీ లేదు.) మరి అమలు ఎప్పటినుంచి అని అడిగితే, కోర్టువారు తేదీ వేయవలసిన చోట తమరిని కూర్చోబెట్టారు. బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ ఒకే కాలితో తొక్కగల తమరి నేర్పు చూసి దక్షిణాది స్కూలు బోర్డులు ఎంత మురిసిపోయాయో వేరే చెప్పనక్కర్లేదు.

వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ తమరికి గుర్తుండే ఉంటుంది. అక్కడ 180 మంది కోసం కట్టిన మోటన్ హైస్కూల్లో 450 మందికి పైగా నల్లపిల్లలను చేర్చుకుని, చోటు చాలక తారు కాగితం కప్పిన పాకలు వేశారు. వానొస్తే ఆ కప్పులు కారేవి. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చున్నవాళ్లకు చెమటలు పట్టేవి, దూరంగా ఉన్నవాళ్లు ఒంటిమీద కోటు తీయకుండానే పాఠం వినేవారు. 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల విద్యార్థిని సమ్మెకు పిలుపిచ్చింది. పిల్లలు మొదట కోరింది మంచి భవనమే. నల్లజాతివారి హక్కుల కోసం పోరాడే సంస్థ ఎన్‌ఏఏసీపీ న్యాయవాదులు మాత్రం, అడిగేదేదో కలిసి చదువుకునే హక్కే అడుగుదామన్నారు. అలా వేసిన కేసు బ్రౌన్ తీర్పులో కలిసి గెలిచింది.

గెలిచిన పిల్లలకు తమరి ఏలుబడిలో దక్కిన బహుమతి ఏమిటంటే, కలిపి చదివించక తప్పదని తేలేసరికి, 1959లో కౌంటీ పెద్దలు నిధులు ఆపేసి ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. తెల్లపిల్లల కోసం ప్రైవేటు అకాడమీ వెలిసింది. నల్లపిల్లల్లో కొందరిని తల్లిదండ్రులు బంధువుల ఊళ్లకు పంపారు, కొందరు చర్చిల్లో నాలుగక్షరాలు నేర్చుకున్నారు, ఎందరికో ఆ చదువూ దక్కలేదు. ప్రభుత్వ బడులు తిరిగి తెరుచుకున్నది 1964లో. ఏడేళ్ల పిల్ల పన్నెండేళ్లది అయ్యేదాకా తమరు బయలుదేరడానికి చెప్పులు వెతుక్కుంటూనే ఉన్నారు.

ఆ ఏడాదే, ఈ బడుల మూసివేత మీద నడిచిన గ్రిఫిన్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి హ్యూగో బ్లాక్, ఆలోచన మరీ ఎక్కువైందనీ వేగం చాలలేదనీ తమరి మొహం మీదే అనేశారు. అయినా తమరు కుర్చీ వదల్లేదు. చివరికి 1969లో, మిసిసిపీ నుంచి వచ్చిన అలెగ్జాండర్ కేసులో, ‘తక్షణమే’ అనే పొట్టి మాట తమరికి ఉద్వాసన చెప్పింది.

1955లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు హైస్కూలు వయసు దాటి అప్పటికే రెండేళ్లయింది. వాళ్ల హాజరుపట్టీ తమరి దగ్గరే ఉండిపోయినట్టుంది. తొందరేమీ లేదు, తమరి పద్ధతిలోనే పంపించగలరు.

ఇట్లు,
తమరి తీరుబడికి అబ్బురపడే ఒక పాఠకుడు