ఏఐ ముందు ఊరి చేతికి రావాలి

ప్రాజెక్టుల అనుమతికి ముందు తయారయ్యే పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలను ఏఐ చేత చదివించే పని మొదలైంది. అమెరికాలో పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లాబొరేటరీ పాత పర్యావరణ సమీక్ష పత్రాలను పోగేసి, అధికారుల కోసం పర్మిట్‌ఏఐ అనే సాధనం తయారుచేస్తోంది. మనకూ కావాలి. కానీ ఢిల్లీలో ఈ నివేదికలు పరిశీలించే నిపుణుల కమిటీ కంటే ముందు అది కోనసీమ ఊళ్లకు రావాలి.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇస్తారు. తెలుగులో దొరికేది సారాంశం. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లిషులో కలెక్టరేట్‌లో ఉంటుంది. అల్లవరం రైతు పని మానుకుని వెళ్లినా దాంతో ఏం చేసుకుంటాడు?

డెల్టాను ముంచే సంగతి ఆ లోపలి పేజీల్లోనే ఉంటుంది. గాలి, నీరు, నేల ఎలా ఉన్నాయో చాలా నివేదికలు వానాకాలం కాని ఒక్క సీజన్‌లోనే కొలుస్తాయి. మన కష్టమంతా వానాకాలానిదే. వాయుగుండం పట్టిన రోజున సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువ దిగదు, నీళ్లు వెనక్కి తన్ని సార్వా చేలు మునిగిపోతాయి. రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క పొలంలోకి చేరేదీ అప్పుడే. మార్చిలో తీసిన సీసాడు నీళ్లు ఇదంతా ఏం చెబుతాయి? ‘మా డ్రెయిన్‌లో నీళ్లు ఏ తేదీన తీశారు, ఎక్కడ తీశారు?’ అని రైతు తెలుగులో అడిగితే, ఏఐ ఆ పట్టికను పేజీ నంబరుతో సహా ముందు పెట్టగలదు. వేరే నివేదికల నుంచి ఎత్తిరాసిన పేరాలనూ పట్టేస్తుంది. మహారాష్ట్రలోని రత్నగిరి బాక్సైట్ గని నివేదికలో రష్యా గనికి రాసిన పేరాలు దొర్లిన సంగతి మరిచిపోలేం.

ఏఐ లేనిది ఉన్నట్టు చెబుతుందన్న అభ్యంతరం ఉంది. నిజమే, చెబుతుంది. అందుకే పేజీ నంబరు, పక్కన మూలవాక్యం లేని జవాబు చెల్లదని నియమం పెట్టాలి. ఆ భయంతో రైతుకు నివేదికే అందకుండా చేయడం అన్యాయం.

నా అసలు బాధ భాష గురించి. 2020లో ఈ నోటిఫికేషన్ స్థానంలో తేదలచిన కొత్త ముసాయిదాను కేంద్రం ఇంగ్లిషు, హిందీల్లోనే పెడితే, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిట్లోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. మన నేల గురించిన కాగితం మన భాషలో ఉండాలని కోర్టు మెట్లెక్కి అడుక్కోవాలా? సేకరణలో రైతు తెలుగులో చెప్పిన మాటకు కంపెనీ ఏం జవాబిచ్చిందో తుది నివేదికలో వెతికి, అతనికి తెలుగులోనే చూపించడం కూడా ఈ ఏఐ పని కావాలి.

దానికి ముందు సేకరణంటూ జరగాలి. 2020 జనవరిలో చమురు, గ్యాస్ అన్వేషణను బీ2 కేటగిరీలోకి మార్చి, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా చేశారు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండటం చూసిన సీమ ఇది. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి, నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయిన సీమ. ఇక్కడ అన్వేషణ బావి తవ్వేముందు ఊరిని అడగనక్కర్లేదన్న ఆ సవరణను ముందు వెనక్కి తీసుకోవాలి.