కొసరుగా వచ్చిన మెమరీ కార్డు గారికి

నా చేతి గేమ్ కన్సోల్‌తో కొసరుగా వచ్చిన మహారాజశ్రీ మెమరీ కార్డు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలం ఒక్క వైపే ఉంది. తమరు చెక్కుచెదరకుండా ఉన్నారు. నా బాధంతా అదే.

మొన్న ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఆరున్నర దాకా తమరిని ఏడుసార్లు ఫార్మాట్ చేశాను. ఏడుసార్లూ కంప్యూటర్ పనైపోయిందనే చెప్పింది. ఏడుసార్లూ బయటికి లాగి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ ఎక్కడివి అక్కడే. ఊరెళ్తున్నామని సంచులు సర్దుకుని, సాయంత్రానికి మళ్లీ అరుగు మీద కనబడ్డ చుట్టాల్లాగా. మొదటిసారి తప్పు నాదే అనుకున్నాను. రెండోసారి కార్డ్ రీడర్‌ని అనుమానించాను. మూడోసారికి మా ఆవిడ ఆఫీసు ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నాను. దానికోసం ఏమేం ఒప్పుకోవాల్సి వచ్చిందో ఇక్కడ రాయను. నాలుగోసారి ఒక ఫోటో ఎక్కించి చూశాను. తమరు చక్కగా తీసుకున్నారు, తెరిస్తే చూపించారు కూడా. బయటికి తీసి పెట్టాక ఫోటో లేదు. చెరిపింది చెరగదు, రాసింది నిలవదు. అర్జీ తీసుకుని, ముద్ర కొట్టి, "అలాగేనండీ, చూస్తాం" అని నవ్వుతూ పంపే గుమాస్తా గుర్తొచ్చాడు.

ఇదేం మాయ కాదని తరవాత అర్థమైంది. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గదిలో ఇన్నిసార్లే రాయగలం. గదులు పాడయ్యే కొద్దీ కార్డు లోపలి కంట్రోలర్ అదనంగా దాచుకున్న గదుల్ని వాడుతూ పోతుంది. అవీ అయిపోతే ఇక చదవడమే తప్ప రాయడం కుదరదని తాళం వేసేస్తుంది. దానికి నా అభ్యంతరం లేదు, అరిగిపోవడం ఎవరికైనా తప్పదు. కానీ పరువుగల కార్డు ఆ ముక్క పైకి చెబుతుంది. తమరు చెప్పలేదు. అడిగినదానికల్లా "సరే" అన్నారు.

ఆ "సరే" ఖరీదు నాకు మూడు రాత్రులు. గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే పాత చేతి కన్సోల్ నాటి ఆట, ఎడారి చివర తేలు ఆకారంలో ఒక రాక్షసుడు. గురువారం రాత్రి పదకొండున్నరకి చంపాను. ఆటలో సేవ్ చేశాను. నమ్మకం చాలక, పాత యంత్రంలా నటించే ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఆ క్షణాన్ని ఉన్నదున్నట్టు దాచే సేవ్ స్టేట్ కూడా చేశాను. రెండూ తమరి కడుపులోకే పోతాయని, రెండు తాళాలు వేసి తాళంచెవులు రెండూ ఒకే దొంగ చేతికిచ్చినట్టని నాకు తట్టలేదు. శుక్రవారం రాత్రి తెరిస్తే తేలు మళ్లీ తోక ఊపుతోంది. కలగన్నానేమో అనుకున్నాను. మళ్లీ చంపాను. శనివారం మళ్లీ తోక. "ఆ తేలుకి చావు లేదు, మీకు సిగ్గు లేదు" అంది మా ఆవిడ. తమరి క్యాలెండర్ పద్నాలుగో తారీఖు దగ్గరే ఆగిపోయిందని ఆదివారం తెలిసింది. ఆ తరవాత ఈ లోకంలో ఏం జరిగినా తమరికి లెక్కలేదు.

అసలు తమరు నా జీవితంలోకి వచ్చిన తీరు చెప్పాలి. చేతిలో పట్టే గేమ్ కన్సోల్ ఒకటి కొనాలని మూడు నెలలు పోలిక పట్టిక తయారు చేశాను. ఇరవై మూడు నిలువు వరసలు. కూతురికి సంబంధం చూసేటప్పుడు మా మావయ్య కూడా ఇన్ని అడిగి ఉండడు. ఒక్క తెర గురించే ఆరు వరసలు. గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర 240×160 చుక్కలు. యాన్‌బెర్నిక్ ఆర్‌జీ351పీ తెర 480×320, అంటే సరిగ్గా రెండింతలు, ఒక్కో చుక్కకి నాలుగు చుక్కలు, అద్దంలా ఉంటుంది. కానీ అదే తెర మీద పాత టీవీ కన్సోళ్ల ఆటలు పక్కలు నొక్కేసినట్టు ఉంటాయి. పోనీ మియూ మినీ తీసుకుందామంటే 640×480. టీవీ ఆటలకి బంగారం. అడ్వాన్స్‌కి రెండున్నర పైన ఏదో తేలని లెక్క, అంచులు మసక. సోనీ వాళ్ల చేతి కన్సోల్ పీఎస్పీ ఆటలైతే దాని శక్తికి మించినవి. ఎనలాగ్ పాకెట్ ఉంది, 1600×1440, పాత గేమ్ బాయ్ తెరకి కచ్చితంగా పదింతలు. ఎమ్యులేటర్ కూడా కాదు, ఎఫ్‌పీజీఏ చిప్పు పాత యంత్రం వేషం కడుతుంది. ధర చూసి నమస్కారం పెట్టాను. మొదటి స్టీమ్ డెక్ అన్నీ ఆడిస్తుంది గానీ 669 గ్రాములు. నేను పడుకుని ఆడే మనిషిని, ముక్కు ఒకటే ఉంది.

బ్యాటరీకి ఒక వరస, భుజం మీటలకి ఒక వరస, కంపెనీతో పనిలేకుండా ఇళ్లలో కూర్చుని హోంబ్రూ మనుషులు రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందా లేదా అన్నదానికి రెండు వరసలు. ఈ చివరి సంగతి తెలిసినవాళ్లకే తెలుసు. కంపెనీ ఇచ్చిన మెనూ ఒక గంట కూడా భరించలేం. జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని ఎవరో రాసిన ఆనియన్ ఓఎస్ లాంటివి ఎక్కించాకే మియూ మినీ మనిషిలా మాట్లాడుతుంది.

ఇన్ని వరసల్లో తమరికి ఒక్కటంటే ఒక్కటి లేదు. తమరు కొసరు. కూరగాయలమ్మాయి చివర్లో సంచిలో వేసే కరివేపాకు. కరివేపాకు కుళ్లిందా అని చూసి ఎవరైనా వంకాయలు కొంటారా?

నేను చివరికి కొన్న దాని పేరు చెప్పను, అందులో పోయే పరువు నాది. 2020 నవంబరులో మన ప్రభుత్వం ఆపేసిన 43 యాప్‌లలో చైనా అంగడి అలీఎక్స్‌ప్రెస్ కూడా ఉంది కాబట్టి, ఈ బొమ్మలు మన దాకా రావాలంటే ఊళ్లన్నీ తిరిగి, కస్టమ్స్ కట్టి, కొరియర్ కుర్రాడు ఫోన్ ఎత్తలేదని రెండుసార్లు వెనక్కి వెళ్లి రావాలి. వచ్చింది. టైప్ సీ అని రాసి ఉంది గానీ రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో చార్జ్ అవ్వదు, దానికి కావాల్సిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు మిగుల్చుకున్నారు మహానుభావులు. మిగిలిన ఆ పైసలతో మేడలు కట్టుకోమనండి. అదీ భరించాను.

పెట్టె మీద ఆరువేల ఆటలు అని ఉంది. తెరిచాక నవ్వొచ్చింది. ఒకే ఆట నాలుగు పేర్లతో, రెండు చైనా లిపిలో, ఒకటి పేరే లేకుండా. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో టీవీకి తగిలించిన వీడియో గేమ్‌లో 9999 ఇన్ 1 అని పసుపురంగు క్యాసెట్ ఉండేది. పదో ఆట తరవాత మళ్లీ మొదటి ఆటే వచ్చేది, కాకపోతే మారియో ఈసారి ఎత్తు ఎక్కువ ఎగిరేవాడు. తమరు ఆ క్యాసెట్ మనవడని అప్పుడే పోల్చుకోవాల్సింది. దాన్ని ఊదితేనన్నా పనిచేసేది. ఇంకో మాట. పరికరం గుట్టు విప్పి ఎమ్యులేటర్ రాసుకోవడం న్యాయమైన వాడకమేనని 2000లో అమెరికా అప్పీలు కోర్టు, ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో తేల్చింది. తమరి కడుపులోని ఆరువేల ఆటల గురించి ఏ కోర్టూ కొత్తగా తేల్చాల్సిందేం లేదు. దొంగసొత్తు మోస్తూ, దాన్నన్నా సరిగ్గా మోయలేదు తమరు.

తమరి వంశం అలాంటిది కాదు, తెలుసా? 2005లో పీఎస్పీ 1.50 వెర్షన్ మీద హోంబ్రూ ఆడించాలంటే రెండు మెమరీ స్టిక్కులు, అంటే సోనీ వాళ్ల మెమరీ కార్డులు, కావాల్సొచ్చేవి. ఒకటి పెట్టి మొదలుపెట్టి, సరైన క్షణంలో లాగి రెండోది దూర్చాలి. యంత్రం మొదటిదాన్ని చూసి నమ్మేది, రెండోదాన్ని నడిపేది. 2007లో హోంబ్రూ వాళ్లు మార్చి చేసిన పండోరా బ్యాటరీ వచ్చింది. ఆ బ్యాటరీ పెడితే పీఎస్పీ తనంతట తానే మెమరీ స్టిక్ ముందు చేతులు కట్టుకుని నిలబడేది, చచ్చిన యంత్రాలు కూడా లేచి కూర్చునేవి. పీఎస్పీ తరవాత వచ్చిన పీఎస్ వీటా కార్డులది ఇంకో దర్జా. అమెరికాలో వీటా 250 డాలర్లయితే 32 జీబీ కార్డు ఒక్కటే 100 డాలర్లు. పెళ్లికూతురి కన్నా తోడుపెళ్లికూతురి చీర ఖరీదన్నట్టు. ఆ పొగరు 2016లో వీటా తాళం విప్పే హెన్‌కాకు వచ్చాక అణిగింది. ఆట కార్డు దూరే సందులో మామూలు మైక్రో ఎస్‌డీ పెట్టే అడాప్టర్లు తయారయ్యాయి. అంటే తమరి జాతివాళ్లే వెళ్లి ఆ జమీందారీ రద్దు చేశారు! అలాంటి ఇంట పుట్టి, ఒక తేలు చచ్చిందన్న చిన్న వార్త గుర్తుపెట్టుకోలేకపోయారు.

మా అల్మరాలో ఒక పీఎస్పీ 2000 ఉంది. ఉద్యోగం వచ్చిన కొత్తలో అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బ్యాటరీ బూరెలా పొంగిపోయి, వెనక మూత కూడా పట్టడం లేదు. ఆదివారం కోపంలో దాన్ని తీసి, వైరు తగిలించి చూశాను. 4 జీబీ మెమరీ స్టిక్. 2009లో నేను వదిలేసిన చోటే, అదే కొండ అంచున, అదే గొడుగు పట్టుకుని నా బొమ్మ నిలబడి ఉంది.

అప్పుడు వచ్చింది అసలు కోపం. ఇక తమరూ గిమరూ లేదు. నువ్వు అబద్ధాలకోరువి. మోసం చేయడానికైనా ఒక నీతి ఉంటుంది. పనిచేయనని మొదటి రోజే మొండికేస్తే నాలుగు వందలు పెట్టి ఇంకో కార్డు కొనుక్కునేవాణ్ణి. అందరూ చెప్పారు, పెట్టె విప్పగానే ముందు ఆ కార్డు మార్చు అని. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడాను, ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ నువ్వు మూడు వారాలు బుద్ధిగా పనిచేసి, నేను నమ్మేదాకా ఆగి, అప్పుడు చచ్చిపోయి, చచ్చిపోయినట్టు చెప్పకుండా బతికున్నట్టు నటించావు చూడు, దానికి నిన్ను శ్రావణంతో విరిచేద్దామనే పట్టుకున్నాను.

శ్రావణం చేతిలో పట్టుకున్నాక ఎందుకో మా తాతయ్య గుర్తొచ్చాడు. మాది దివిసీమ. చివరి రెండేళ్లు తాతయ్యకి అన్నం తిన్న సంగతి గుర్తుండేది కాదు, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ పీట వాల్చుకునేవాడు. నేను ఉద్యోగంలో చేరానని పదిసార్లు చెబితే పదిసార్లూ "అలాగా, చాలా సంతోషం" అన్నాడు. కానీ 1977 ఉప్పెన అడగండి. నీళ్లు ఏ గట్టు దాకా వచ్చాయి, ఏ చెట్టు మీద ఎవరెవరు ఎక్కారు, ఏ గేదె మర్నాడు తిరిగొచ్చింది, ఒక్క అక్షరం తప్పేది కాదు. కొత్తది ఎక్కదు, పాతది చెరగదు. ఆయన్ని ఎవరూ అబద్ధాలకోరు అనలేదు.

శ్రావణం పక్కన పెట్టాను. నీ మీద జాలితో కాదు. సరే, కొంచెం జాలితోనే.

పారేసే ముందు లోపల ఏముందో ఒకసారి చూద్దామని ఫోల్డర్లన్నీ తెరిచాను. చదవడానికి నీకు అభ్యంతరం లేదు కదా. నా ఎడారి ఆట ఫోల్డర్లో నాది కాని సేవ్ ఒకటి కనబడింది. తారీఖు 2019. నేను నిన్ను కొనడానికి ఎన్నో ఏళ్ల ముందు, ఎక్కడో ఎవరో ఆడి, ఆ కార్డుని వేల కార్డుల మీదికి అచ్చు గుద్దితే, అది నీదాకా వచ్చిందన్నమాట. రెండో గడిలో మొదటి నుంచీ ఉందది, చెత్త అనుకుని నేనే తెరవలేదు. కథానాయకుడి పేరు ఏఏఏఏ. పేరు ఆలోచించే ఓపిక లేక ఒకటే మీట నాలుగుసార్లు నొక్కిన మనిషి. ఆడిన సమయం 61 గంటలు. పేరు పెట్టే ఓపిక లేనివాడు అరవై ఒక్క గంటలు ఆడాడు!

తేలుని ఏఏఏఏ గారు ఎప్పుడో చంపేశారు. ఎడారి దాటేశారు. నేను డబ్బుల్లేక మూడో ఊళ్లో వదిలేసిన వెండి కవచం ఆయన ఒంటి మీద ఉంది. ఒక ఓడ కూడా కొన్నారు.

పేరున్న కార్డు సోమవారం తెచ్చాను, బిల్లుతో సహా. ఆ సేవ్‌ని అందులోకి ఎక్కించాను. నువ్వు మా అమ్మాయి పెన్సిల్ డబ్బాలో, రబ్బరు ముక్క పక్కన ఉన్నావు. అక్కడ ఎవరూ నిన్ను ఏమీ రాయమని అడగరు.

నిన్న రాత్రి ఓడెక్కాను.

ఇట్లు,
ఏఏఏఏ